'జెర్సీ' ఎందుకు పాతబడట్లేదు? సెలెక్ట్ కాని ఆటగాళ్ళ హైదరాబాద్ కథ

ఈ ఎపిసోడ్‌లో ఒక సినిమా గురించి, దాని వెనకాల ఉన్న మన ఊరి క్రికెట్ చరిత్ర గురించి మాట్లాడుకుందాం. సినిమా పేరు 'జెర్సీ'. 2019 ఏప్రిల్ 19న రిలీజైంది. గౌతమ్ తిన్ననూరి డైరెక్షన్, నాని హీరో, శ్రద్ధా శ్రీనాథ్ హీరోయిన్. ఒక మాట ముందే చెప్తున్నా, క్లైమాక్స్‌లో ఏం జరుగుతుందో కూడా ఇందులో చెప్పేస్తాను. చూడనివాళ్ళుంటే ముందు సినిమా చూసి రండి. ఎపిసోడ్ ఎక్కడికీ పోదు.

నేనుండేది చిక్కడపల్లి. మా ఏరియా తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తా. ఒకవైపు ఆర్టీసీ క్రాస్ రోడ్స్. సంధ్య, సుదర్శన్, దేవి థియేటర్లు అక్కడే. పెద్ద హీరో సినిమా పడిందంటే పొద్దున్నే డప్పులు, పేపర్ ముక్కలు, ట్రాఫిక్ జామ్. ఇంకోవైపు అశోక్ నగర్. సిటీ సెంట్రల్ లైబ్రరీ, కోచింగ్ సెంటర్లు, స్టడీ హాళ్ళు, ఒక్కో రూమ్‌లో ముగ్గురు నలుగురు ఉండే హాస్టళ్ళు. ఇటు నారాయణగూడ దాటి బషీర్‌బాగ్ వైపు వెళ్తే లాల్ బహదూర్ స్టేడియం. అంటే సినిమా, పోటీ పరీక్ష, క్రికెట్ మూడూ నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉన్నాయి.

అందుకే 'జెర్సీ' మా దగ్గర వేరేలా పనిచేస్తుంది. రైల్వే స్టేషన్ సీన్ గుర్తుందిగా? హైదరాబాద్ రంజీ జట్టులో తన పేరు వచ్చిందని తెలిశాక అర్జున్ పరుగెత్తుకుంటూ స్టేషన్‌కి వెళ్ళి, రైలు దూసుకుపోతుంటే ఆ చప్పుడులో గొంతు చించుకుని అరుస్తాడు. గ్రూప్స్‌కి చదివే కుర్రాళ్ళ స్టేటస్‌లలో ఆ క్లిప్ నేను చాలాసార్లు చూశాను. ఆ స్టేటస్ పెట్టేవాళ్ళలో ఎక్కువమందికి ఇంకా రిజల్ట్ రాలేదు. వాళ్ళు అరవాల్సిన అరుపు లోపలే ఉంది.

మన స్పోర్ట్స్ సినిమాల్లో చాలావరకు ఆట ఒక యుద్ధం. 2003లో వచ్చిన 'ఒక్కడు'లో హీరో కబడ్డీ ఆటగాడు, కానీ కథ నడిచేది ఫ్యాక్షనిస్టుతో గొడవ మీద. 2004లో వచ్చిన 'సై'లో రగ్బీ మ్యాచ్ అంటే కాలేజీ స్థలాన్ని కాపాడుకునే పోరాటం. రెండూ నాకిష్టమే, ఇప్పుడు వేసినా చూస్తాను. కానీ వాటిలో ఆట గెలిస్తే అన్నీ గెలిచినట్టే. 'జెర్సీ'లో అలా కాదు. అర్జున్ 1986 నాటికి మంచి రంజీ బ్యాట్స్‌మన్. ఎంత ఆడినా పైకి సెలెక్ట్ కాడు. ఆట మానేస్తాడు. పదేళ్ళ తర్వాత, 1996లో, అతనికి 36 ఏళ్ళు. ప్రభుత్వ ఉద్యోగంలో సస్పెండ్ అయ్యాడు, కేసు నడుస్తోంది. భార్య సారా హోటల్లో ఉద్యోగం చేసి ఇల్లు నడుపుతోంది. ఏడేళ్ళ కొడుకు పుట్టినరోజుకి ఇండియా జెర్సీ అడిగాడు. దాని ఖరీదు 500 రూపాయలు.

ఆ 500 చుట్టూనే ఫస్టాఫ్ తిరుగుతుంది. అతను ఫ్రెండ్స్‌ని అడుగుతాడు. దొరకదు. చివరికి భార్య పర్సులో చెయ్యి పెడతాడు, దొరికిపోతాడు. తెలుగు సినిమాలో హీరో కోట్లు కొట్టేయడం చూశాం, బ్యాంకులు దోచేయడం చూశాం. సొంత భార్య పర్సులోంచి 500 తీయబోయి తలదించుకోవడం ఎన్నిసార్లు చూశాం? నా లెక్కలో ఈ సినిమా రియలిజం అంతా అక్కడుంది. క్రికెట్ షాట్లు నిజంగా ఆడినట్టున్నాయా లేదా అన్నది తర్వాతి సంగతి. కలకి బిల్లు ఎవరు కడుతున్నారన్నది ఈ సినిమా దాచలేదు. సారా కడుతోంది. ఆమె కోపంలో న్యాయముంది. సినిమా ఆమెని విలన్‌ని చెయ్యలేదు.

ఇప్పుడు కాస్త అమెరికా వెళ్ళొద్దాం. 1988లో 'బుల్ డర్హమ్' అని ఒక సినిమా వచ్చింది. బేస్‌బాల్, ప్రేమ, కామెడీ కలిపిన సినిమా. కెవిన్ కాస్ట్నర్, సూసన్ సరాండన్, టిమ్ రాబిన్స్ నటించారు. మనకి బేస్‌బాల్ తెలియకపోయినా ఫర్వాలేదు. అక్కడ అన్నిటికంటే పైన మేజర్ లీగ్ ఉంటుంది. దాని కింద మెట్లు మెట్లుగా మైనర్ లీగ్‌లు. మన ఇండియా టీమ్, దాని కింద రంజీ, దాని కింద లోకల్ లీగ్ అనుకోండి, సుమారుగా అర్థమవుతుంది.

అందులో హీరో పేరు క్రాష్ డేవిస్. వయసు మీద పడుతున్న ఆటగాడు. జీవితం మొత్తంలో మేజర్ లీగ్‌లో ఉన్నది 21 రోజులు. ఇప్పుడు అతని పని ఏంటంటే, బోలెడంత టాలెంట్, బుర్రలో మాత్రం ఏమీ లేని ఒక కుర్ర పిచ్చర్‌ని పైకి వెళ్ళడానికి తయారుచెయ్యడం. ఆ కుర్రాడు పైకి వెళ్ళిపోతాడు. క్రాష్ కిందే ఉండిపోతాడు. మైనర్ లీగ్‌లో హోమ్ రన్ల రికార్డు కొడతాడు. ఆ రికార్డు ఎక్కువసార్లు కొట్టావంటే అర్థం, ఎక్కువ ఏళ్ళు కిందే ఉన్నావని. అందుకే దాని గురించి అతను గొప్పగా చెప్పుకోడు.

ఈ సినిమా తీసిన రాన్ షెల్టన్ సొంతంగా ఐదేళ్ళు మైనర్ లీగ్‌లో ఆడినవాడు. మేజర్ లీగ్ గడప దాటలేదు. అందుకే అందులో మ్యాచ్ కంటే మ్యాచ్ చుట్టూ ఉండే జీవితం ఎక్కువ కనిపిస్తుంది. బస్సు ప్రయాణాలు, విసుగు, జోకులు. ఒక సీన్‌లో మ్యాచ్ మధ్యలో ఆటగాళ్ళంతా గుంపుగా చేరి ఏదో సీరియస్‌గా మాట్లాడుకుంటుంటారు. వ్యూహం అనుకుంటాం. తీరా చూస్తే అందులో ఒక గొడవ టీమ్‌మేట్ పెళ్ళికి ఏం గిఫ్ట్ ఇవ్వాలన్నది! మన గల్లీ క్రికెట్ ఆడినవాళ్ళకి ఇది కొత్తేం కాదు. ఓవర్ మధ్యలో ఫీల్డింగ్ మార్చాలని పిలిచి, సాయంత్రం ఇరానీ చాయ్ డబ్బులు ఎవరిస్తారో మాట్లాడుకున్న బ్యాచే కదా మనది.

మరి హైదరాబాద్‌లో నిజమైన క్రాష్ డేవిస్‌లు, నిజమైన అర్జున్‌లు ఉన్నారా? ఉన్నారు. ఇక్కడే చరిత్ర సినిమా కంటే ఆసక్తిగా ఉంటుంది.

హైదరాబాద్ రంజీ ట్రోఫీ గెలిచింది రెండేసార్లు. మొదటిది 1937-38. రెండోది 1986-87. చూశారా, అర్జున్ ఆట మానేసిన 1986తో మొదలైన సీజనే అది. ఎం.వి. నరసింహారావు కెప్టెన్. ఫైనల్ ఢిల్లీలో, ఢిల్లీ జట్టుతోనే. మొదటి ఇన్నింగ్స్ ఆధిక్యంతో మనవాళ్ళు కప్పు తెచ్చారు. ఆ తర్వాత ఇప్పటిదాకా మళ్ళీ రాలేదు.

ఆ సీజన్‌లో అబ్దుల్ అజీమ్ అనే ఓపెనర్ తమిళనాడు మీద ట్రిపుల్ సెంచరీ కొట్టాడు. 300 దాటాక కూడా నాటౌట్. ఇండియాకి ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. కారణం కుట్రే అయ్యుండాలని లేదు. అప్పుడు ఇండియా ఓపెనర్లు ఎవరో చూడండి. గవాస్కర్, శ్రీకాంత్. ఆ ఇద్దర్నీ దాటాలి.

తర్వాత ఎం.వి. శ్రీధర్. 1993-94 సీజన్‌లో సికింద్రాబాద్‌లో ఆంధ్ర జట్టు మీద 366 పరుగులు కొట్టాడు. ఆ ఇన్నింగ్స్‌లో హైదరాబాద్ స్కోరు 6 వికెట్లకి 944, డిక్లేర్డ్. రంజీ చరిత్రలో ఒక జట్టు చేసిన అతి పెద్ద స్కోరు అది. శ్రీధర్ కూడా ఇండియాకి ఆడలేదు. ఆ రోజుల్లో ఇండియా మిడిలార్డర్‌లో టెండూల్కర్, కాంబ్లీ, మన అజహరుద్దీన్ ఉన్నారు. ఆఫ్ స్పిన్నర్ కన్వల్‌జీత్ సింగ్ ఏళ్ళ తరబడి హైదరాబాద్‌కి వికెట్లు తీశాడు. అతనికీ ఇండియా క్యాప్ రాలేదు.

వీళ్ళెవరూ ఫెయిలైనవాళ్ళు కాదు. పదకొండు సీట్లే ఉన్నాయి, అంతే.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. ఇప్పుడు రంజీలో ఒక్క మ్యాచ్ మొత్తం ఆడితే ఫీజు లక్ష దాటుతుంది. అప్పుడు అలా లేదు. రంజీ ఆడితే పేరొస్తుంది, ఇల్లు గడవదు. బ్యాంకులోనో రైల్వేలోనో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం దొరికితేనే నెల తిరిగేసరికి జీతం. అందుకే సినిమాలో అర్జున్‌కి ఉద్యోగం పోవడం అంత పెద్ద దెబ్బ. ఆట పోయినా ఉద్యోగం ఉంటే మనిషి నిలబడతాడు. రెండూ పోతే 500 రూపాయలకి పర్సు వెతుక్కుంటాడు. ఇది స్క్రిప్ట్‌లో కలిపిన మసాలా కాదు, ఆ కాలం లెక్క.

ఇక నాకు సినిమాతో పేచీ ఉన్న చోటికి వద్దాం. చివర్లో మనకి తెలిసేది ఏంటంటే, అర్జున్ ఆట మానేసింది సెలెక్ట్ కాలేదన్న అలకతో కాదు, గుండె జబ్బు వల్ల. ఆడితే ప్రాణానికి ప్రమాదమని తెలుసు. తెలిసే 36 ఏళ్ళకి మళ్ళీ ఆడాడు, చనిపోయాడు. చివరికి ఇండియా జెర్సీ వస్తుంది, కానీ అందుకునేది కొడుకు. థియేటర్లో కళ్ళు తుడుచుకోనివాళ్ళు తక్కువ. నేను ఆ తక్కువమందిలో లేను. 67వ నేషనల్ అవార్డుల్లో ఉత్తమ తెలుగు చిత్రంగా ఎంపికైంది, నవీన్ నూలికి ఎడిటింగ్ అవార్డు కూడా వచ్చింది. రెండూ న్యాయమే.

కానీ ఆలోచించండి. సెలెక్ట్ కాకపోవడానికి, ఆట వదిలెయ్యడానికి సినిమాకి ఒక గుండె జబ్బు కావాల్సొచ్చింది. అజీమ్‌కి, శ్రీధర్‌కి ఏ జబ్బూ అక్కర్లేదు. బాగా ఆడారు, పేరు లిస్ట్‌లో రాలేదు. ఎక్కువమంది జీవితం ఇలాగే ఉంటుంది. మన సినిమా హీరోకి చావు ఇచ్చి గొప్పవాణ్ణి చేసింది. 'బుల్ డర్హమ్' హీరోకి రేపు పొద్దున్న ఇచ్చింది. క్రాష్ ఆట మానేసి, ప్రేమించిన మనిషి ఇంటికి తిరిగొస్తాడు. ఏదో చిన్న ఊళ్ళో మైనర్ లీగ్ టీమ్‌కి మేనేజర్ పోస్టు ఉందట, చూడాలి అంటాడు. అంతే, సినిమా అయిపోతుంది. కామెడీ అంటే నవ్వించడం మాత్రమే అనుకుంటాం. ఓడిపోయాక కూడా మనిషి బతికి, తర్వాత ఏంటి అని అడగగలగడం కూడా కామెడీయే.

మన హైదరాబాద్ ఆటగాళ్ళూ అలాగే బతికారు. అజీమ్ తర్వాత హైదరాబాద్ జట్టుకి కోచ్‌గా, సెలెక్టర్‌గా పనిచేశాడు. 2023లో చనిపోయాడు. శ్రీధర్ డాక్టర్ చదివినవాడు. తర్వాత హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్ సెక్రటరీ అయ్యాడు, బీసీసీఐలో క్రికెట్ ఆపరేషన్స్ జనరల్ మేనేజర్ అయ్యాడు. 2017లో పోయాడు. దేశం మొత్తంలో చూస్తే అమోల్ మజుందార్ ఫస్ట్ క్లాస్‌లో 11 వేలకి పైగా పరుగులు చేసి ఇండియాకి ఆడలేదు. 2025 నవంబర్‌లో మన అమ్మాయిలు వన్డే వరల్డ్ కప్ గెలిచినప్పుడు ఆ జట్టు హెడ్ కోచ్ ఆయనే.

ఇప్పుడు అశోక్ నగర్‌కి వద్దాం. తెలంగాణలో గ్రూప్-1 మొదటి నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో వచ్చింది, 503 పోస్టులు. ప్రిలిమ్స్ అయింది, పేపర్ లీక్ అయిందని రద్దయింది. 2023 జూన్‌లో మళ్ళీ పెట్టారు, హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో కొత్త నోటిఫికేషన్, 563 పోస్టులు, దాదాపు 4 లక్షల అప్లికేషన్లు. అదే పరీక్షకి మూడుసార్లు మొదటినుంచి చదివినవాళ్ళు మా గల్లీల్లో ఉన్నారు. వాళ్ళ తప్పేం లేదు. ఈ మధ్యలో ఎవరి పెళ్ళి ఆగిందో, ఎవరి నాన్న ఎకరం అమ్మాడో, ఏ అక్క తన జీతంలోంచి రూమ్ రెంట్ పంపిందో ఏ నోటిఫికేషన్‌లోనూ ఉండదు. ప్రతి స్టడీ హాల్ కుర్చీ వెనకాల ఒక సారా ఉంది.

అందుకే ఆ రైలు సీన్ స్టేటస్ పెట్టేవాళ్ళకి నేను చెప్పేది ఇది. పెట్టుకోండి, అది మంచి సీన్. దాంతో పాటు పర్సు సీన్ కూడా గుర్తుపెట్టుకోండి. మీ ఖర్చు ఎవరు మోస్తున్నారో వాళ్ళకి ఒక ఫోన్ చెయ్యండి, రిజల్ట్ కోసం ఆగకుండా. అర్జున్ కథ అంత దగ్గరగా అనిపించినా, అతని ముగింపుని మాత్రం మీ మీద వేసుకోకండి. ఆట కోసం చావడం సినిమాకి బాగుంటుంది. లిస్ట్‌లో పేరు లేని సాయంత్రం కూడా తినాలి, పడుకోవాలి, మర్నాడు లేవాలి. అజీమ్ లేచాడు. శ్రీధర్ లేచాడు. 944 కొట్టిన జట్టులో ఇండియా జెర్సీ వేసుకోనివాళ్ళు ఎక్కువమందే ఉన్నారు, ఆ స్కోరు మాత్రం రికార్డు పుస్తకంలో అలాగే ఉంది.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే. వచ్చేవారం లాల్ బహదూర్ స్టేడియం కథ చెప్పుకుందాం, ఫతే మైదాన్ రోజుల నుంచి. అప్పటిదాకా బాగా చదవండి, టైమ్‌కి తినండి. ఉంటాను.