తీవ్రమైన వేవిళ్లు: మర్దన ఎంతవరకు మేలు చేస్తుంది?

నెల తప్పిన స్త్రీకి వికారం, వాంతులు కలగడం సర్వసాధారణం. తెలుగువారు వేవిళ్లనే దానినే తమిళులు మసక్కై అంటారు. ఇవి సాధారణంగా ఆరవ వారం ప్రాంతంలో మొదలై, తొమ్మిదవ వారానికి ఉధృతమై, పదహారు నుంచి ఇరవై వారాల నడుమ చాలామందిలో తగ్గుముఖం పడతాయి. అయితే నూటికి ముగ్గురికి మించకుండా కొందరిలో ఇది వ్యాధిగా పరిణమిస్తుంది. తిన్నది, త్రాగినది ఏదీ నిలువదు. వెనుకటి బరువులో 5 శాతం, అనగా 50 కిలోల మనిషి రెండున్నర కిలోలు, కోల్పోతుంది. వైద్యులు దీనిని హైపరెమెసిస్ గ్రావిడారమ్ అంటారు.

ఇటువంటి గర్భిణిని "నాజూకు మనిషి", "మనసు గట్టిది కాదు" అనడం మన ఇండ్లలో కద్దు. పల్లెలను మాత్రమే తప్పు పట్టనక్కరలేదు. గర్భం ఇష్టం లేకనే వాంతులవుతాయని ఒకప్పుడు పాశ్చాత్య వైద్యులు సైతం వ్రాశారు. పిండము, మాయ నుంచి తల్లి రక్తంలోకి చేరే జీడీఎఫ్15 అనే హార్మోను దీనికి ముఖ్య కారణమని 2023లో వెలువడిన పరిశోధన చూపింది. గర్భానికి ముందు ఆ హార్మోను తక్కువగా ఉన్నవారికి బాధ ఎక్కువ. కనుక ఆందోళన ఈ వ్యాధికి మూలం కాదు, చాలావరకు దాని ఫలితం. మర్దనకు చోటు దొరికేది ఇక్కడే.

మర్దన వాంతులను ఆపదు. దీనిపై జరిగిన పరిశీలనలు చిన్నవి, ఫలితాలు బలమైనవి కావు. కాని ఎడతెగని వాంతులతో పట్టేసిన మెడ, భుజాలు సడలడానికి, నిద్ర పట్టడానికి, భయం కొంత ఉపశమించడానికి మెల్లని స్పర్శ తోడ్పడుతుంది. తల్లియో, అత్తగారో, భర్తయో పది పదిహేను నిమిషాలు చేతులు, భుజాలు, పాదాలు నిమిరితే చాలు. గర్భిణి వద్దన్న క్షణమే ఆపాలి. నూనె అక్కరలేదు, నువ్వుల నూనె, ఆముదం వాసనకే వాంతి రావచ్చు. మణికట్టు మడతకు మూడు వ్రేళ్ల దిగువన, రెండు నరాల వంటి స్నాయువుల నడుమ బొటనవ్రేలితో నొక్కడం కొందరికి వికారం తగ్గిస్తుంది. హాని లేదు గనుక ప్రయత్నించవచ్చు.

పొట్టను మాత్రం ఎవరూ పిసుకరాదు. మంత్రసాని "బిడ్డను సర్దుతానన్నా" అంగీకరించరాదు. పిక్కలను గట్టిగా రుద్దడమూ ప్రమాదమే. గర్భంతో రక్తం గడ్డకట్టే గుణం సహజంగా పెరుగుతుంది. ఒంట్లో నీరు తగ్గి మంచం పట్టినవారిలో ఆ భయం మరింత అధికం. ఒక కాలు మాత్రమే వాచి, నొప్పి పుడితే మర్దన మాని వైద్యునికి చూపాలి.

అసలు చికిత్స మందులతోనే. బీ6 విటమిన్, డాక్సిలమైన్ కలిసిన మాత్రను వైద్యులు తొలుత ఇస్తారు. గర్భిణికి మందులంటే ఉన్న భయానికి కారణం లేకపోలేదు. 1957లో జర్మనీలో విడుదలై వేవిళ్లకు సైతం వాడిన థాలిడోమైడ్ వేలాది శిశువులను అంగవికలులను చేయగా 1961లో దానిని ఉపసంహరించారు. డాక్సిలమైన్ ఆ కోవకు చెందినది కాదు. దశాబ్దాల వాడకంలో నిలిచినది.

మరొక సంగతి మన ఊళ్లకు ముఖ్యం. నీరసమనగానే ఊరి డాక్టరుచేత గ్లూకోజు ఎక్కించడం అలవాటు. వారాల తరబడి తిండి నిలువని మనిషికి థయమిన్, అనగా బీ1 విటమిన్, ఇవ్వకుండా గ్లూకోజు పెడితే మెదడు దెబ్బతినవచ్చు. ముందుగా సెలైను, థయమిన్ ఇవ్వవలెనని ఆసుపత్రులకు తెలుసు. ఇంటివారు అడిగి నిర్ధారించుకోవడంలో తప్పు లేదు.

ఒక పగలూ రాత్రీ మంచినీళ్లయినా నిలువకపోవడం, ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోవడం లేదా ముదురు రంగులో రావడం, వాంతిలో రక్తం, జ్వరం, కడుపునొప్పి, నిలబడితే కళ్లు తిరగడం, చూపు రెండుగా కనబడడం, మాట తడబడడం: వీటిలో ఏది కనిపించినా ఆలస్యం తగదు. కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్‌లలో 108కు ఫోన్ చేయవచ్చు. పుట్టిల్లు ఒక రాష్ట్రం, అత్తిల్లు మరొక రాష్ట్రం అయినవారు తల్లీబిడ్డల కార్డు, పాత మందుల చీటీలు, తొలి బరువు వ్రాసిన కాగితం వెంట ఉంచుకోవాలి. చీటీ కన్నడంలో ఉన్నా, తమిళంలో ఉన్నా మందుల పేర్లు, బరువు అంకెలు ఏ వైద్యునికైనా తెలుస్తాయి.