బెంగళూరు ఫుట్‌బాల్: తొలితరం మేటి ఆటగాళ్లు

బెంగళూరులో ఆట నేర్చి, 1930ల నుంచి 1950ల దాకా బొంబాయి, కలకత్తా పోటీల్లోనూ ఒలింపిక్స్‌లోనూ రాణించిన ఫుట్‌బాల్ ఆటగాళ్ల తరం ఇది. వీరిలో చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. అప్పట్లో కాగితం మీద అందరూ ఔత్సాహికులే. అయినా మంచి ఆటగాడు కనబడితే కలకత్తా క్లబ్బులు వదిలేవి కావు. 1934 నుంచి వరసగా ఐదేళ్లు కలకత్తా లీగ్ గెలిచిన మహమ్మడన్ స్పోర్టింగ్ కూడా బెంగళూరు కుర్రాళ్లను పిలిపించుకున్నదే.

దండు (కంటోన్మెంట్) ప్రాంతంలోని బ్రిటిష్ పటాలాలతో పాటు ఈ ఆట నగరానికి వచ్చింది. సిపాయిల ఆట చూసి చుట్టుపక్కల పేటల పిల్లలు నేర్చుకున్నారు. 

అసలు చరిత్ర 1937లో మొదలవుతుంది. 1891లో బొంబాయిలో పుట్టిన రోవర్స్ కప్ అప్పటిదాకా సైనిక జట్ల సొత్తుగా ఉండేది. ఆ ఏడాది ఫైనల్లో బెంగళూరు ముస్లిమ్స్ 1-0 తేడాతో మహమ్మడన్ స్పోర్టింగ్‌ను ఓడించి, ఆ కప్పు గెలిచిన తొలి భారతీయ జట్టుగా నిలిచింది. మరుసటి ఏడాదీ కప్పు నిలబెట్టుకుంది. 1940 ఫైనల్లో అదే మహమ్మడన్ చేతిలో ఓడినా, 1948లో మోహన్ బగాన్‌ను ఓడించి మూడోసారి గెలిచింది. మధ్యలో, రాష్ట్రాల జట్లు తలపడే సంతోష్ ట్రోఫీని 1946-47లో, బెంగళూరు ఆటగాళ్లు ఆడే మైసూరు జట్టు సొంతగడ్డ మీదే బెంగాల్ నుంచి గెలుచుకుంది.

1948 లండన్ ఒలింపిక్స్ జట్టులో ఈ నగరానికి దక్కిన వాటా గర్వించదగ్గది. గోల్‌కీపర్ వరదరాజ్, సత్తార్ బషీర్, వజ్రవేలు, సారంగపాణి రామన్, అహ్మద్ ఖాన్ ఆ జట్టులో ఉన్నారు. జులై 31న ఇల్‌ఫర్డ్‌లో ఫ్రాన్స్‌తో మ్యాచ్. బరిలోకి దిగిన పదకొండు మందిలో ఎనిమిది మందికి బూట్లు లేవు. ఫ్రాన్స్ ముందుగా గోల్ చేయగా, 70వ నిమిషంలో రామన్ స్కోరు సమం చేశాడు. స్వతంత్ర భారత జట్టుకు అంతర్జాతీయ పోటీల్లో అదే తొలి గోల్. శైలేన్ మన్నా, మహావీర్ ప్రసాద్ చెరొక పెనాల్టీ వృథా చేశారు. ఆట మరో నిమిషంలో ముగుస్తుందనగా ఫ్రాన్స్ రెండో గోల్ కొట్టి 2-1తో బయటపడింది.

వీరందరిలో అగ్రగణ్యుడు అహ్మద్ ఖాన్ (1926-2017). ఫుట్‌బాల్ ఆడే ఇంట్లో పుట్టాడు. ఇన్‌సైడ్ లెఫ్ట్ స్థానంలో ఆడే ఇతనికి పరుగు వేగం కన్నా బంతి మీద అదుపే బలం. బంతిని పాదానికి అతుక్కున్నట్టు నడిపిస్తూ, ప్రత్యర్థి కాలు చాచేదాకా ఆగి, ఆ క్షణంలో పక్కకు తప్పించేవాడు. అభిమానులు పెట్టిన ‘పాములవాడు’ అన్న పేరు అలా వచ్చిందే. 1949లో ఈస్ట్ బెంగాల్‌లో చేరి పదేళ్లు అక్కడే ఆడాడు. వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే అనే ఐదుగురు దాక్షిణాత్యుల ముందువరుసను కలకత్తా ‘పంచపాండవులు’ అని పిలిచింది. వీరిలో అప్పారావు మన కాకినాడవాడు. వీరి బలంతో ఈస్ట్ బెంగాల్ 1949లో కలకత్తా లీగ్, ఐ.ఎఫ్.ఏ. షీల్డ్, రోవర్స్ కప్ మూడింటినీ ఒకే ఏడాది గెలిచింది. షీల్డ్‌ను ఆ తర్వాత మరో రెండేళ్లు వదల్లేదు.

1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో హైదరాబాద్‌కు చెందిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం జట్టు స్వర్ణం సాధించినప్పుడు వరదరాజ్, అహ్మద్ ఖాన్ ఆ జట్టులో ఉన్నారు. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో మాత్రం యుగోస్లావియా 10-1తో చిత్తు చేసింది. 89వ నిమిషంలో ఆ ఒక్క గోల్ కొట్టింది అహ్మద్ ఖానే. అంతటి ఓటమిలోనూ చివరిదాకా ఆడిన తీరు అతని స్థాయికి తగినది. ఈ పరాజయం తర్వాత బూట్లు తప్పనిసరి చేశారు. బంతి స్పర్శను పాదంతోనే పసిగట్టే ఆటతీరు క్రమంగా కనుమరుగైంది.

తర్వాతి తరంలో కన్నయన్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందిన జట్టులో ఉన్నాడు. మైసూరు 1952-53లోనూ, 1967-68, 1968-69ల్లో వరసగానూ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 2013లో ఏర్పడిన బెంగళూరు ఎఫ్.సి. తొలి సీజన్లోనే ఐ-లీగ్, 2018-19లో ఐ.ఎస్.ఎల్. గెలిచింది. అయితే ఆ జట్లలో ఎక్కువమంది ఇతర రాష్ట్రాల నుంచీ విదేశాల నుంచీ వచ్చినవారే.