సూత్రధారుని దారములు

ఇల్లు కట్టదలచిన గృహస్థు మేస్త్రిని తన స్థలమునకు తోడ్కొనిపోయిన నాడు, మేస్త్రి మొట్టమొదట మూలల మేకులు పాతి, దారము లాగి, దాని వెంట ముగ్గు పోయును. గోడ లేచునాటికి ముగ్గు మన్నులో కలసిపోవును. దారము మేస్త్రి సంచిలోనికి చేరును. ఇంటివారు ఆ తరువాత డెబ్బది యేండ్లు ఆ యింట కాపురము చేసినను ఆ గీతను మరల చూడరు, చూడనక్కరయు లేదు. కాని ఆ గోడను విప్పి, ఉన్నదున్నట్లు మరల కట్టవలసివచ్చిన నాడేమగును? నేడు ముచ్చటించుకొనబోవునది ఈ కనుమరుగగు గీతలను గూర్చియే.

సూత్రధారుడనగానే మనకు నాటకము జ్ఞప్తికి వచ్చును. శిల్పుల వాడుకలో ఆ మాటకు దారము పట్టినవాడని అర్థము. 11వ శతాబ్దిలో ధారానగరము నేలిన పరమార భోజుని పేర వెలసిన వాస్తుగ్రంథమునకు ‘సమరాంగణ సూత్రధారము’ అని పేరు. ఈ భోజునకును మన ఆదిలాబాదు సీమకును చుట్టరికము కలదు. ఆదిలాబాదు సమీపమున జైనథ్ గ్రామములోని సంస్కృత శాసనము పరమార జగద్దేవుని నాటిది. అతడు ఉదయాదిత్యుని కుమారుడు. ఆ శాసనమును బట్టి భోజుడతనికి పినతండ్రియో పెదతండ్రియో కావలెను. జగద్దేవుని కొలువులోని లోలార్కుని భార్య పద్మావతి నింబాదిత్యుడను పేర సూర్యునకు గుడి కట్టించినదని అందు చెప్పబడినది. నేడు జైనథ్‌లో పూజలందుకొనుచున్నది లక్ష్మీనారాయణస్వామి. కట్టించిన యిల్లాలి పేరు శాసనమున నిలిచినది గాని, దారము లాగిన శిల్పి పేరు మన వరకు రాలేదు.

వాస్తుగ్రంథములు సూత్రములెనిమిదని చెప్పును. దృష్టి, కొలతబద్ద, ముంజగడ్డి త్రాడు, నూలుదారము, గుండు కట్టిన లంబసూత్రము, మూలమట్టము, నేలమట్టము చూచు సాధనము, వృత్తలేఖిని. ఎనిమిదింటిలో తొలిది చూపే యగుట నాకెంతయు నచ్చిన సంగతి.

విగ్రహము మలచునపుడు ఈ దారముల పని మరింత సూక్ష్మము. ‘మానసారము’ ప్రకారము విగ్రహమునకు పైన ఒక పలక నమర్చి, దాని రంధ్రముల నుండి 5 మొదలు 11 వరకు గుండుదారములు వ్రేలాడదీయుదురు. నుదురు ఏ దారమునకెంత దూరము, నాభి యెంత దూరము అని అంగుళములలో లెక్క. నడిమి దారము బ్రహ్మసూత్రము. ఇరువైపులవి పక్షసూత్రములు. ఎదురుగా నిలిచిన రూపమున బ్రహ్మసూత్రము దేహమును సరిగా రెండు చేయును. రూపము కొంచెము ప్రక్కకు తిరిగినచో అవతలి పక్షసూత్రము బ్రహ్మసూత్రమునకు దగ్గరగును. పూర్తిగా తిరిగిన పార్శ్వాగతమున ఒక కన్నే మిగులును. ఇట్టి నిలుకడలు తొమ్మిదింటిని భోజుని గ్రంథము వివరించినది. దారములు మారలేదు, చూచు దిక్కు మారినది. ఏ దిక్కున ఏ గీత లెక్కకు వచ్చునో తెలియుటయే అక్కడి విద్య.

నేటి వాస్తుశిల్పికి కంప్యూటరు తెరపై ఎదురగు చిక్కు సరిగా ఇదియే. 2000వ సంవత్సరమున వెలువడిన స్కెచ్‌అప్ అను సాధనములో టేపుగుర్తు పట్టి లాగినచో చుక్కల గీత యేర్పడును. దానిని గైడ్ అందురు. కట్టడమునకు ఎన్ని దృశ్యములనైనను సిద్ధపరచి యుంచవచ్చును. అయితే గైడు గాలిలో నిలిచిన దారము వంటిది గనుక, నేలపటము కొరకు గీసినది ముఖభాగపు దృశ్యమునను అడ్డుపడును. అన్నిటిని దాచుటకొక మీట, తుడిచివేయుటకొక మీట ఉన్నవి. తుడిచివేయు మీట మిక్కిలి సులభము. మిక్కిలి చేటు కూడ. నేర్పరులు గీతలను గుంపులు చేసి, గుంపునకొక ట్యాగు తగిలింతురు. ఏ ట్యాగు కనబడవలెనో, ఏది మరుగుపడవలెనో ఆయా దృశ్యమే జ్ఞాపకముంచుకొనును.

తుడిచివేయక మిగిలిన గీతల విలువ భోపాలు చేరువనున్న భోజపురమున తెలియును. భోజుడు తలపెట్టిన శివాలయము అక్కడ అసంపూర్తిగా నిలిచిపోయినది. పూర్తికాలేదు గనుకనే చుట్టునున్న రాతినేలపై శిల్పులు చెక్కుకొన్న నేలపటములు, స్తంభముల గీతలు నేటికిని కనబడుచున్నవి. గుడి ముగిసినచో అవి నిలిచియుండునో లేదో!

మన ప్రాంతమున అట్టి భాగ్యమరుదు. హనుమకొండ వేయిస్తంభముల గుడి కల్యాణమండపమును 2006లో విప్పిరి. అది మరల నిలిచి తెరచుకొనుటకు 2024 వచ్చినది. రాళ్లకు అంకెలు వేయవచ్చును. ఆ రాళ్లను నిలిపిన దారములకు అంకెలేవి? వానిని కొలతల నుండి వెనుకకు నడచి పట్టుకొనవలసినదే.

కరీంనగరము చేరువ నాగునూరు కోటలోని కాకతీయుల నాటి శిథిలాలయములకు ఈ మాట మరింత వర్తించును. అక్కడ త్రికూటాలయమున్నది. త్రికూటమనగా మూడు గర్భగుడులకు ఒకే రంగమండపము. సాధారణముగా నడిమి గుడి సూత్రము ఒకటి, ఎదురెదురుగానున్న ప్రక్కగుడుల సూత్రము మరొకటి. రెండును మండపమున అడ్డముగా కలియును. నేలపటమున రెండును కనబడును. ముఖద్వారము నుండి చూచినపుడు మొదటిదే నడుమ నిలుచును. రెండవదానికై ప్రక్కకు తిరుగవలెను. గీసి భద్రపరచు పటములలో ఈ సూత్రములను తుడిచివేయక, మరుగుపరచి యుంచుట మేలని నా అభిప్రాయము. ఒక స్తంభము ఒరిగిన నాడు వెదకవలసినది వానినే. నాగునూరు వెళ్లు శ్రోతలు మండపపు నడుమ నిలిచి, గర్భగుడి ద్వారబంధముల నడిమి గుర్తులను కంటితో కలుపుకొని చూడవచ్చును.