అమ్మోనియాకు ఇత్తడి గేజి పనికిరాదు
కోస్తా జిల్లాల్లోని ఐస్ ఫ్యాక్టరీలు, రొయ్యల శుద్ధి కర్మాగారాల యంత్రగదుల్లో గుండ్రటి అద్దంతో కనిపించేది ప్రెషర్ గేజి. గొట్టాల్లో అమ్మోనియా ఎంత ఒత్తిడితో ఉన్నదో ఆపరేటరుకు తెలిపేది ప్రధానంగా ఇదే. ధర తక్కువ కావడంతో దీనిపై శ్రద్ధ కూడా తక్కువే. అద్దం పగిలితే సెల్లో టేపు అంటించి నెట్టుకొచ్చేవారూ లేకపోలేదు.

గేజి లోపల కొడవలిలా వంగిన బోర్డన్ గొట్టం ఉంటుంది. ఫ్రాన్సుకు చెందిన యూజీన్ బోర్డన్ 1849లో దీనికి పేటెంటు పొందారు. బల్లపరుపుగా నొక్కిన ఈ గొట్టంలోకి వాయువు చేరగానే అది నిటారు కావడానికి ప్రయత్నిస్తుంది. ఆ స్వల్ప కదలికను పళ్లచక్రాలు పెద్దదిగా చేసి ముల్లును తిప్పుతాయి. అంటే వాయువు నేరుగా ఈ లోహాన్నే తాకుతుంది. చిక్కంతా ఇక్కడే.

సాధారణ గేజిల్లో ఈ గొట్టం ఇత్తడి లేదా కంచు జాతి లోహంతో తయారవుతుంది. నీటికీ, గాలికీ అది చాలు. అమ్మోనియాకు కాస్త తేమ తోడైతే రాగి కలిసిన లోహాలు ఒత్తిడి కింద నిట్టనిలువునా బీటలు వారతాయి. పైకి తుప్పు కనిపించదు. బీట వారిన నాడు విషవాయువు ఆపరేటరు ముఖం మీదికే వస్తుంది. అందువల్ల ఈ ప్లాంట్లలో గొట్టం, సాకెట్టు రెండూ ఉక్కు లేదా 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువై ఉండాలి. డయల్‌పై అమ్మోనియా అని ముద్రించిన గేజినే అడిగి కొనాలి.

ఉప్పుగాలికి ఇనుప డబ్బా నిలవదు కనుక పైతొడుగు కూడా స్టెయిన్‌లెస్ స్టీలుదైతే మేలు. కంప్రెసరు అదురుకు ముల్లు వణకకుండా డబ్బాలో గ్లిజరిన్ నింపుతారు. అయితే ఆక్సిజన్, క్లోరిన్ గేజిల్లో గ్లిజరిన్ వాడరాదు, మంటలు లేచే ప్రమాదముంది. చిక్కటి ఆమ్లాలకైతే గేజికి ముందు టెఫ్లాన్ పూత పొర గల సీలు అమర్చి, ద్రవం గొట్టాన్ని తాకకుండా చేస్తారు.

కొలత పరిధి ఎంపికా ముఖ్యమే. కండెన్సరులో అమ్మోనియా 35 డిగ్రీల వద్ద ఉంటే ఒత్తిడి సుమారు 12.5 బార్లు. దీనికి 0-25 బార్ల గేజి సరిపోతుంది, 16 బార్లది ఇరుకు. వెనుక నుంచి పేలుడు బయటకు పోయేలా, ముందు గట్టి అడ్డు ఉండే రకమైతే మనిషికి రక్షణ. ఒత్తిడి పూర్తిగా తీసేశాక కూడా ముల్లు సున్నాకు రాకుంటే ఆ గేజిని మార్చవలసిందే. మార్చే ముందు కింది వాల్వు మూసి, మిగిలిన వాయువును సురక్షితంగా వదిలి, మాస్కు ధరించాలి.