అమెరికాలో శిశువిద్య: బడివేళలూ పనివేళలూ

విద్యావిధానాల గురించి చర్చించేటప్పుడు మనవాళ్లు సాధారణంగా విశ్వవిద్యాలయాల దగ్గర మొదలుపెట్టి కిందికి వస్తారు. నేను కిందినుంచే మొదలుపెడతాను. తల్లి పనికి పోయేవేళకు నాలుగేళ్ల బిడ్డ ఎక్కడ ఉండాలి? ఈ ప్రశ్నకు ఒక సమాజం ఏం జవాబు చెబుతున్నదో చూస్తే ఆ సమాజంలో స్త్రీకీ, ఆమె శ్రమకూ ఉన్న విలువ ఏపాటిదో తెలుస్తుందని నా అభిప్రాయం. అమెరికా ప్రభుత్వ పాఠశాలల్లోని ప్రీ కిండర్‌గార్టెన్ తరగతుల చరిత్రను ఈ దృష్టితోనే పరిశీలిస్తాను.

అయిదేళ్ల పిల్లల కిండర్‌గార్టెన్ అక్కడి ప్రభుత్వ బడిలోకి ఏనాడో వచ్చింది. 1873లో సెయింట్ లూయిస్ నగరంలో సూసన్ బ్లో దాన్ని ప్రారంభించింది. నాలుగేళ్ల పిల్లలు మాత్రం చాలాకాలం బడి గడప బయటే ఉండిపోయారు. వాళ్ల బాధ్యత తల్లిదే. కూలికి పోక తప్పని తల్లుల పిల్లల కోసం ధర్మసంస్థలు శిశుశాలలు నడిపేవి. అంటే బిడ్డ పెంపకం ఉన్నవారి ఇంట్లో కుటుంబ విషయం, లేనివారి ఇంట్లో దానధర్మాల విషయం.

ఈ కట్టుబాటును సడలించింది యుద్ధం. 1941లో అమెరికా యుద్ధంలో దిగింది. మగవాళ్లు సైన్యంలోకి పోయారు. విమానాలూ ఓడలూ తయారుచెయ్యటానికి ఆడవాళ్లు కావలసివచ్చారు. 1943 నుంచి కేంద్రప్రభుత్వం లానమ్ చట్టం కింద డబ్బిచ్చి శిశుకేంద్రాలు నడిపించింది. వాటి సంఖ్య 3,000 దాటింది. తల్లి రోజుకు అరడాలరు చొప్పున ఇచ్చుకుంటే చాలు, నీ ఆదాయం ఎంత అని అడిగేవారు కారు. పోర్ట్‌లండ్‌లో కైజర్ కంపెనీ ఓడల కర్మాగారాల దగ్గర నెలకొల్పిన కేంద్రాలయితే రాత్రి షిఫ్టువారి కోసం కూడా తెరిచి ఉండేవి. పని దిగిన తల్లి బిడ్డను తీసుకుపోతూ వండిన భోజనం కూడా అక్కడే కొనుక్కుని ఇంటికి పోగలిగేది.

ఇదంతా తల్లుల మీద దయతో చేసినది కాదని 1946లో రుజువయింది. యుద్ధం ముగిసింది. కేంద్రప్రభుత్వ నిధులు ఆగిపోయాయి. అత్యధిక కేంద్రాలు మూతపడ్డాయి. తల్లుల అవసరం తీరిందా? లేదు. వాళ్లతో ప్రభుత్వానికి ఉన్న అవసరం తీరింది. కాలిఫోర్నియాలో మాత్రం తల్లులు ఆందోళన చేసి రాష్ట్రప్రభుత్వ నిధులతో కేంద్రాలను నిలబెట్టుకున్నారు. ఈ సంగతి మనం జ్ఞాపకం ఉంచుకోవాలి.

తరువాత ఈ ప్రశ్న మళ్లీ తలెత్తింది 1960ల్లో. ఈసారి తల్లి పక్కకు తప్పుకుని పేద బిడ్డ ముందుకు వచ్చాడు. 1962లో మిషిగన్‌లోని ఇప్సిలాంటి పట్టణంలో డేవిడ్ వైకర్ట్ పెరీ పాఠశాలలో ఒక ప్రయోగం ప్రారంభించాడు. పేద నల్లజాతి పిల్లలు 123 మందిని ఎంచి, వారిలో 58 మందికి శిశువిద్య నేర్పి, మిగిలినవారితో పోల్చి ఏళ్ల తరబడి గమనించారు. చదువుకున్నవారు పెద్దయ్యాక సంపాదనలోనూ నడవడిలోనూ మెరుగ్గా ఉన్నారు. దాని ఫలితాలను ఇప్పటికీ ఉదహరిస్తారు. కాని ఆ తరగతి జరిగింది పూటకు రెండున్నర గంటలు మాత్రమే. వారానికొకసారి ఉపాధ్యాయిని పిల్లవాడి ఇంటికి వెళ్లి తల్లితో కూర్చునేది. తల్లి ఇంట్లోనే ఉంటుందనుకుని వేసిన పథకమన్నమాట. 1965లో జాన్సన్ ప్రభుత్వం ప్రారంభించిన హెడ్ స్టార్ట్ కూడా పేదరికంపై పోరాటంలో భాగంగానే వచ్చింది.

పేద, ధనిక భేదం లేకుండా శిశుసంరక్షణకు పునాది వెయ్యటానికి 1971లో మాండేల్, బ్రేడెమస్ ప్రతిపాదించిన బిల్లును ఉభయసభలూ ఆమోదించాయి. నిక్సన్ దాన్ని తిరస్కరించాడు. పిల్లల పెంపకంలో కుటుంబాన్ని కాదని సామూహిక పద్ధతికి ప్రభుత్వం వత్తాసు పలకరాదన్నాడు. ఓడలు కట్టించుకున్న నాడు ఈ కుటుంబ సిద్ధాంతం ఏమయిందని అడిగినవాడు లేడు.

కేంద్రం చేతులెత్తేసిన తరువాత రాష్ట్రాలు తమకు తోచిన దారిన పోయాయి. జార్జియా లాటరీ ఆదాయంతో 1995లో నాలుగేళ్ల పిల్లలందరికీ తరగతులు తెరిచింది. ఓక్లహోమా 1998లో వాళ్లను ప్రభుత్వ పాఠశాలలోనే చేర్చుకున్నది. గదికి 20 మంది మించరాదు. పదిమంది పిల్లలకు ఒక పెద్ద ఉండాలి. ఉపాధ్యాయినికి పట్టా ఉండాలి, పెద్ద తరగతుల ఉపాధ్యాయులతో సమానంగా జీతం ఉండాలి. ఈ చివరి షరతు అసలైనదని నేను అనుకుంటాను. కాని బడి నడిచేది రెండున్నర గంటలో, ఆరు గంటలో. ఎనిమిది గంటల పని చేసే తల్లి మిగిలిన గంటలను ఎక్కడినుంచి తెస్తుంది? వేసవి సెలవుల మాటేమిటి?

టెక్సస్‌ది మరో పద్ధతి. అక్కడ 1984 చట్టం ప్రకారం ఈ తరగతి అందరికీ కాదు. కుటుంబానికి ఆదాయం తక్కువని రుజువు చెయ్యాలి, లేదా పిల్లవాడికి ఇంగ్లీషు రాదని తేలాలి, లేదా చట్టంలో చెప్పిన మరో వర్గంలో ఉండాలి. డాలస్ చుట్టుపక్కల వేలాది తెలుగు కుటుంబాలున్నాయి. తెలుగు తప్ప ఎరగని ఇంజనీరు బిడ్డకు భాష రాకపోవటమే అర్హత. ఆదాయ పరిమితికి కాస్త పైనున్న దుకాణం గుమాస్తా, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడుతున్నందుకు, తన బిడ్డను తిప్పి తీసుకుపోవలసివస్తుంది. తప్పు ఇంజనీరుదీ కాదు, గుమాస్తాదీ కాదు. హక్కుగా ఇవ్వవలసినదాన్ని అర్హతలు పెట్టి పంచితే ఇట్లాగే ఉంటుంది. అర్హులకు పూర్తిరోజు బడి తప్పనిసరి కావటానికి 2019 దాకా పట్టింది.

బడి పెడితే చాలదా అని కొందరనవచ్చు. చాలదు. టెన్నెసీ రాష్ట్రపు తరగతులపై 2022లో వెలువడిన పరిశోధనలో, వాటిలో చదివిన పేద పిల్లలు ఆరో తరగతికి వచ్చేసరికి చదవనివారికన్నా వెనకబడి ఉన్నట్టు తేలింది. శిశువిద్యకు వ్యతిరేకులు దీన్ని పట్టుకుని ఊగారు. దీన్నిబట్టి తలుపు తెరవటమొక్కటే విద్య కాదని మాత్రమే చెప్పగలం.

ఇక మన సంగతి. మన అంగన్‌వాడీలు 1975లో వచ్చాయి. పల్లె పల్లెకూ విస్తరించటంలో అవి అమెరికా తరగతులకు తీసిపోవు. కాని వాటిని నడిపే స్త్రీకి ఇచ్చేదాన్ని మనం జీతమనం, గౌరవవేతనమంటాం. కనీస వేతనం, గ్రాట్యుటీ అడుగుతూ 2023 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ స్త్రీలు ప్రారంభించిన సమ్మె 42 రోజులు సాగింది. ప్రభుత్వం వారిపై అత్యవసర సేవల చట్టం ప్రయోగించింది. సేవ అత్యవసరమైనదే, సేవకురాలు మాత్రం ఉద్యోగి కాదు!

అమెరికా చరిత్రలో తల్లికి అనువైన వేళలు యుద్ధకాలంలో వచ్చిపోయాయి. ఉపాధ్యాయినికి న్యాయమైన జీతం ఓక్లహోమాలో వచ్చింది. ఈ రెండూ కలిసి దేశమంతటికీ హక్కుగా ఇంతవరకూ రాలేదు. బిడ్డను చూసుకునే స్త్రీకీ, బిడ్డను అప్పగించి పనికి పోయే స్త్రీకీ ప్రయోజనాలు వేరని చెప్పేవారిని నమ్మకూడదు. ఇద్దరూ శ్రమజీవులే. పై రెంటినీ ఇద్దరూ కలిసి అడిగేదాకా శిశువిద్య అరకొరగానే ఉంటుంది.