బూరా నుంచి మీట దాకా

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ వారు ఫోను చేస్తే, నాకు తెలిసిన విద్య ఒక్కటే కాబట్టి దాని చరిత్రే రాస్తానన్నాను. ప్రార్థన వేళ హార్మోనియం పక్కన వయొలిన్ పట్టుకుని నిలబడే బక్కపలచని కుర్రాడు మా బ్యాచ్ వాళ్లకు గుర్తుండే ఉంటాడు. ఆ వయొలినే 1979లో నన్ను మద్రాసు చేర్చి, సుమారు ఇరవై ఏళ్లు అన్నం పెట్టింది.

మన సంగీతం రికార్డుకెక్కిన తొలి రోజుల్లో అందరికన్నా ముందు చెప్పుకోవలసిన పేరు గౌహర్ జాన్. 1902లో కలకత్తాలో గ్రామఫోన్ కంపెనీ తరఫున వచ్చిన ఫ్రెడ్ గైస్‌బర్గ్ ఆమె పాటలు రికార్డు చేశాడు. అప్పటికి మైకు లేదు. పెద్ద బూరాలోకి గొంతెత్తి పాడితే, ఆ అదురుకు సూది కదిలి మైనం మీద గీత గీసేది. అందులో పట్టేది మహా అయితే మూడు నిమిషాలు. తీరిగ్గా గంటసేపు సాగే సంగీతాన్ని ఆమె అంతలోకే కుదించి, చివర తన పేరు ఇంగ్లీషులో చెప్పేవారు. రికార్డులు అచ్చయ్యేది జర్మనీలో. అక్కడి వాళ్లకు ఎవరి పాటో తెలియాలి కదా. మన సినిమా పాట ఇప్పటికీ నాలుగైదు నిమిషాలు దాటకపోవడానికి మూలం ఆ మైనపు పళ్లెంలోనే ఉందని నా నమ్మకం.

1925 ప్రాంతంలో మైకు వచ్చి మెత్తని గొంతులకు చోటిచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత టేపు వచ్చింది. దాన్ని బ్లేడుతో కోసి అతికించవచ్చు, ఒక వాద్యం మీద ఇంకో వాద్యాన్ని తర్వాత చేర్చవచ్చు. 1957 నాటికే అమెరికాలో ఎనిమిది ట్రాకుల యంత్రం ఉంది. నేను వెళ్లిన కొత్తలో మద్రాసులో మాత్రం గాయకులు, వాద్యగాళ్లు అందరం కలిసి ఒకేసారి పాడి వాయించేవాళ్లం. ఎవరి కమాను జారినా అందరూ మళ్లీ మొదటికే. ఓసారి నా వల్ల పన్నెండో టేకు పోయింది. ఆ పూట భోజనాల దగ్గర నా పక్కన ఎవరూ కూర్చోలేదు!

నేను మద్రాసు రైలెక్కిన 1979లోనే ఆస్ట్రేలియాలో ఫెయిర్‌లైట్ అనే యంత్రం తయారైంది. ఏ ధ్వనినైనా అంకెలుగా దాచుకుని, మీట నొక్కితే కావలసిన శ్రుతిలో పలికిస్తుంది. దీన్నే శాంప్లింగ్ అంటారు. తర్వాత అంతకన్నా చవకైన యంత్రాలు వచ్చాయి. 1992లో ‘రోజా’ పాటలు విన్నప్పుడు మా హాలు రోజులు దగ్గర పడ్డాయనిపించింది. పాటలు మాత్రం ఎంతో బాగున్నాయి, ఆ మాట దాచను.

1996లో ఒక స్టూడియో వారు ఎనిమిది మంది వయొలినిస్టులను పిలిచారు. పాట లేదు, గాయకులు లేరు. ఒక్కో స్వరాన్ని పొడుగ్గా, పొట్టిగా, మెల్లగా, గట్టిగా వాయించమన్నారు. రెండు రోజులు వాయించాం. సుళువైన డబ్బని నవ్వుకుంటూ టీ తాగాం. సంతకం అడిగినవారు లేరు. ఆ తర్వాత అక్కడి నుంచి నాకు పిలుపు రాలేదు. వాళ్ల పాటల్లో వయొలిన్లు మాత్రం వినిపిస్తూనే ఉన్నాయి. వాద్యకారులకూ హక్కులిస్తూ మన కాపీరైట్ చట్టాన్ని 1994లోనే సవరించారట. మా ఎనిమిది మందిలో ఒక్కరికీ ఆ సంగతి తెలియదు.

చాలాకాలం తర్వాత గ్రెగరీ కోల్‌మన్ గురించి చదివాను. అమెరికాలో ‘ది విన్‌స్టన్స్’ బృందంలో డ్రమ్మర్. 1969 నాటి ‘ఆమెన్, బ్రదర్’ రికార్డులో ఆయన ఒక్కడే వాయించిన ముక్క ఆరేడు సెకన్లు. దాన్ని కోసి, తిప్పి, వేగం పెంచి వేల పాటల్లో వాడుకున్నారు. ఆయనకు ఒక్క డాలరు రాయల్టీ రాలేదు. 2006లో పేదరికంలోనే పోయాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

యంత్రం మీద నాకు కోపం లేదు. ఇవాళ పల్లెటూరి పిల్లవాడు ల్యాప్‌టాప్‌తో పాట కట్టగలుగుతున్నాడు. మా రోజుల్లో వాడికి స్టూడియో గేటు దగ్గరే ఆగవలసి వచ్చేది. మా ఎనిమిది మందికీ ఆనాడు విషయం చెప్పి అడిగి ఉంటే బహుశా ఒప్పుకునేవాళ్లమే.

ఉత్సవం సాయంత్రం పాటలు ట్రాక్ పెట్టి పాడతారని విన్నాను. కమిటీ వారికి నా విన్నపం: ఆ పాత హార్మోనియం స్టోరు గదిలో ఇంకా ఉంటే కాస్త దుమ్ము దులిపించండి. వయొలిన్ నేను తెస్తాను.