బొమ్మ తుపాకీకీ ఒక చరిత్ర ఉంది

పోయిన ఎపిసోడ్ విన్నాక మా సైట్‌లో పనిచేసే వరంగల్ తమ్ముడొకడు అడిగాడు. "అన్నా, నేను పిస్టల్ క్లబ్‌ల చేరిన. ఇంట్ల ప్రాక్టీస్ చేసుకుందామని ఎయిర్‌సాఫ్ట్ గన్ ఒకటి ఊరికెళ్లొచ్చేటప్పుడు తెచ్చుకుంట. బొమ్మే గదా?" వద్దురా బాబూ అన్నాను. ఎందుకో అన్నం తినే టైమ్‌లో చెప్పాను. అదే ఇక్కడ రాస్తున్నా, ఎపిసోడ్‌లో ఈ ముక్క రాలేదు.

ఎయిర్‌సాఫ్ట్ పుట్టింది జపాన్‌లో, 1970ల్లో మొదలై 80ల్లో ఊపందుకుంది. అక్కడ మామూలు మనిషి పిస్టల్ ఉంచుకోవడం కుదరదు, 1958 నాటి చట్టం అంత గట్టిది. కానీ తుపాకీ మీద మోజు పోదు కదా! అందుకని చూడటానికి అచ్చం అసలుదానిలా ఉండి, 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండు వదిలే బొమ్మలు చేశారు. ప్రభుత్వం వాటినీ ఊరికే వదల్లేదు. 2006లో ఆ గుండు బలానికి దాదాపు 0.98 జౌల్ అని హద్దు పెట్టింది. హద్దు లోపల ఉన్నంతవరకు అది బొమ్మే.

ఇప్పుడు అసలు కథ. అమెరికాలో స్టీల్ ఛాలెంజ్ అని ఒక పోటీ ఉంది, 1981 నుంచి జరుగుతోంది. ఇనుప పలకల్ని ఎవరు ఎంత తొందరగా కొడతారన్నదే లెక్క. 2004లో దాన్ని గెలిచింది తత్సుయా సకాయ్ అనే జపాన్ మనిషి. తన దేశంలో అసలు పిస్టల్ ముట్టుకునే వీలులేక ఎయిర్‌సాఫ్ట్‌తో సాధన చేసినవాడు! నిజమైన తుపాకులు ఇంట్లో పెట్టుకుని పెరిగినవాళ్ల మధ్యకొచ్చి గెలిచాడు.

ఎలా అంటే, ఈ ఆటలో గుండు పేలడం చివరి సంగతి. ఒర నుంచి తియ్యడం, రెండు చేతుల పట్టు, కంటికి సైట్ దొరకడం, ట్రిగ్గర్ కదలకుండా నొక్కడం, మ్యాగజైన్ మార్చడం, అడుగులు వెయ్యడం, వీటికి మందుగుండు అక్కర్లేదు. బొమ్మ నేర్పలేనిది ఒక్కటే, అసలు పిస్టల్ వెనక్కి తన్నే తన్ను. దానికి రేంజ్‌కి వెళ్లాల్సిందే.

మరి ఆస్ట్రేలియాలో? ఇక్కడ కథ తిరగబడింది. 1996 ఏప్రిల్ 28న టాస్మేనియాలోని పోర్ట్ ఆర్థర్‌లో ఒకడు 35 మందిని కాల్చి చంపాడు. పన్నెండు రోజులకే, మే 10న, అన్ని రాష్ట్రాలూ కొత్త తుపాకీ ఒప్పందానికి ఒప్పుకున్నాయి. ప్రభుత్వం డబ్బిచ్చి దాదాపు ఆరున్నర లక్షల తుపాకులు వెనక్కి తీసుకుంది. ప్రధాని జాన్ హోవర్డ్ తుపాకీ యజమానుల సభలో మాట్లాడటానికి కోటు కింద బుల్లెట్‌ప్రూఫ్ చొక్కా వేసుకుని వెళ్లాడంటే చూడండి, ఊళ్లలో కోపం ఎంతుందో.

పిస్టళ్ల వంతు తర్వాత వచ్చింది. 2002 అక్టోబర్‌లో మెల్‌బోర్న్ మోనాష్ యూనివర్సిటీలో కాల్పులు, ఇద్దరు చనిపోయారు. దాంతో పోటీ పిస్టల్‌కి మ్యాగజైన్‌లో 10 గుళ్లే అన్నారు. సెమీ ఆటోమేటిక్ అయితే గొట్టం 120 మిల్లీమీటర్లకి తగ్గకూడదన్నారు. కొత్తగా చేరినవాడికి మొదటి ఆరు నెలలు సొంత పిస్టల్ లేదు, క్లబ్‌దే వాడాలి.

ఆ లెక్కలోకే బొమ్మలూ వచ్చాయి. ఇండియాలో 20 జౌల్ లోపు .177 ఎయిర్‌గన్‌కి లైసెన్స్ అక్కర్లేదు, ఇక్కడ దానికీ కావాలి. ఎయిర్‌సాఫ్ట్‌ని చాలాచోట్ల తుపాకీగానే చూస్తారు, కస్టమ్స్ వాళ్లూ అంతే. పోలీసు అనుమతి కాగితం లేకుండా సూట్‌కేస్‌లో దొరికితే "బొమ్మ సార్" అంటే వినరు. వీసా మీద బతికేవాడికి కేసు అంటే ఏంటో మీకు నేను చెప్పక్కర్లేదు.

మధ్యలో చైనా నుంచి జెల్ బ్లాస్టర్ వచ్చింది, నీళ్లలో నానబెట్టిన మెత్తటి గోళీలు వదిలేది. క్వీన్స్‌లాండ్‌లో పిల్లల బొమ్మగా తెగ అమ్ముడైంది. సౌత్ ఆస్ట్రేలియా 2020 అక్టోబర్‌లో దాన్ని తుపాకుల జాబితాలో వేసింది. వెస్టర్న్ ఆస్ట్రేలియా 2021లో నిషేధించింది. క్వీన్స్‌లాండ్ కూడా 2021 ఫిబ్రవరి నుంచి తగిన కారణం చూపించమంటోంది.

నా మట్టుకు నాకు పోర్ట్ ఆర్థర్ తర్వాతి చట్టాలు సరైనవే అనిపిస్తుంది. కాకపోతే ఒక తమాషా మిగిలింది. జపాన్‌లో అసలుది లేదు, బొమ్మతో సాధన చెయ్యొచ్చు. ఇక్కడ నియమాలు దాటుకుంటూ వెళ్తే ఒకనాటికి అసలుది ఇనుప పెట్టెలో ఉంటుంది, బొమ్మ మాత్రం దొరకదు. అందుకే ఇక్కడి షూటర్లు ఎక్కువమంది డ్రై ఫైర్ చేస్తారు, అంటే గుళ్లు లేవని ఒకటికి రెండుసార్లు చూసుకుని ఖాళీ పిస్టల్‌తో ట్రిగ్గర్ సాధన. మన తమ్ముడికి ఇంకా ఆ వీలూ లేదు, ఆరు నెలలు అవ్వలేదు. స్మోకో టైమ్‌లో కంటైనర్ వెనకాల ఉత్త చేతులు ముందుకు చాపి, గోడ మీద చాక్‌పీసు చుక్క చూస్తూ అడుగులు వేస్తుంటాడు. ఫోర్‌మన్ ఒకసారి చూసి యోగానా అని అడిగాడు.